అయ్యగారి గ్రీకు, రత్నమ్మ గ్రీకు

గోదావరి జిల్లాల నుంచి సైప్రస్‌కి ఇంటిపనికీ, ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పనికీ వెళ్ళే ఆడవాళ్ళు కొత్త కాదు. అక్కడి జనం మాట్లాడేది గ్రీకు. వెళ్ళేముందు ఆ భాష ఎలా నేర్చుకోవాలన్న దాని మీద మా వీధిలో జరిగిన వాదన ఇది. ఒక పక్క అయ్యగారు. సెమినరీలో చాలాకాలం కొత్త నిబంధన గ్రీకు చెప్పి రిటైరైన పాస్టరు. ఇంకో పక్క రత్నమ్మ. లిమసోల్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చింది. గ్రీకు అక్షరం ఒక్కటీ రాయలేదు, మాట్లాడ్డం మొదలెడితే మాత్రం ఆపలేం. మధ్యలో ఆమె అక్క కూతురు. నర్సింగు చదువుకుంది, సైప్రస్ వెళ్ళడానికి కాగితాలు సిద్ధమవుతున్నాయి, సాయంత్రాలు అయ్యగారి దగ్గర పాఠాలకి వెళుతోంది. పిల్ల నోటుబుక్కు చూసి పిన్నికి కోపం వచ్చింది. ఆ కోపం దగ్గరే మొదలైందిది. వాళ్ళు పలికిన గ్రీకు మాటల్ని తెలుగులోనే రాశాను. ఒత్తి పలికిన చోట వీలైనంత వరకు దీర్ఘం పెట్టాను. ఎందుకో కింద తెలుస్తుంది.

రత్నమ్మ: అయ్యగారండీ, మీరేమీ అనుకోకండి. నిన్న రాత్రి పిల్లని ‘మంచినీళ్ళు కావాలని అడుగు’ అన్నాను. ‘హూదోర్’ అంది. అక్కడున్నన్నాళ్ళూ ఆ మాట నా చెవిన పడలేదండి.

అయ్యగారు: తప్పు మాట కాదమ్మా. సమరయ స్త్రీ బావి దగ్గరికి వచ్చింది హూదోర్ తోడుకోవడానికే.

రత్నమ్మ: ఆవిడ ఇప్పుడు లేదుగదండి. ఇప్పుడున్న ముసలావిడ ‘నెరో’ అంటుంది. నేను వెళ్ళిన రోజునే మంచం మీంచి అలా అంటే, ‘నీరు’ అన్నట్టు వినబడి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాను. ఆవిడ మురిసిపోయింది, ఈ పిల్లకి గ్రీకొచ్చని.

అయ్యగారు: అది కాకతాళీయం. నెరోకీ నీరుకీ ఏ చుట్టరికమూ లేదు. పూర్వం తాజా నీళ్ళని ‘నెఅరోన్ హూదోర్’ అనేవారు. జనం నోట్లో నీళ్ళన్న మాట జారిపోయి, తాజా అన్న మాట మిగిలింది. నెరో అంటే అసలు ‘తాజాది’ అని. హూదోర్ తెలిసినవాడికే ఆ సంగతి తెలుస్తుంది.

రత్నమ్మ: ఎక్కణ్ణించొస్తే ఏంటండి, దాహం తీరాలిగానీ.

అయ్యగారు: బాగుంది. మరి బజారుకెళ్ళి రొట్టె కొనాలంటే, కొట్టు ఎలా గుర్తుపడతావు?

రత్నమ్మ: వాసన పట్టుకుని.

అయ్యగారు: బోర్డు మీద ‘అర్తొపియీయొ’ అని ఉంటుంది. ఆర్తొస్ అంటే రొట్టె. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అంటామే, అక్కడున్నది ఆ మాటే. లోపలికెళ్ళి ఏమని అడుగుతావు?

రత్నమ్మ: ప్సొమీ.

అయ్యగారు: అదీ సంగతి. బోర్డు మీద ఒక మాట, నోట్లో ఇంకో మాట. ద్రాక్షసారా సీసా మీద ‘ఈనొస్’, నోట్లో ‘క్రసీ’. చేపల కొట్టుకి ‘ఇఖ్థియొపొలీయొ’, అమ్మేది ‘ప్సారి’. మనం బోర్డు మీద వస్త్రాలయం అని రాసుకుని బట్టల కొట్టు అని పిలుచుకోవడం లేదూ? బయటికెళ్ళే గుమ్మం ప్రతిదాని మీదా ‘ఎక్సొదొస్’ అని ఉంటుంది. నిర్గమకాండానికి పేరు అదే. బ్యాంకు మీద ‘త్రాపెజ’ అని ఉంటుంది. దేవాలయంలో డబ్బు మార్చేవాళ్ళ బల్లలు ప్రభువు పడదోశాడే, ఆ బల్లే ఇవాళ బ్యాంకయింది. నా పాఠాలు చదివిన పిల్ల లార్నకా విమానాశ్రయంలో దిగీదిగగానే సగం బోర్డులు చదువుకుంటుంది. నీ పాఠాలు చదివితే వాసన పట్టుకుని తిరగాలి.

(ఇక్కడ రత్నమ్మ నవ్వేసింది. వాసన మాట తనదే కాబట్టి ఏమీ అనలేకపోయింది.)

రత్నమ్మ: అసలు ఒకే దానికి రెండేసి మాటలెందుకండి వాళ్ళకి?

అయ్యగారు: మనకున్న గొడవే వాళ్ళకీ ఉంది. గ్రీసు స్వతంత్రమయ్యే ముందు నుంచే చదువుకున్నవాళ్ళు జనం మాట్లాడే గ్రీకు మోటు అనుకున్నారు. పాత మాటలూ, పాత ప్రత్యయాలూ అతికించి ‘కథరేవుస’ అని ఒక రాతభాష తయారుచేశారు. శుద్ధమైనది అని దాని అర్థం. ప్రభుత్వం, కోర్టు, బడి అన్నీ అందులోనే. జనం భాష ‘దిమొతికీ’ ఇంటికే పరిమితం. 1901లో ఏథెన్స్‌లో ఒక పత్రిక మత్తయి సువార్తని జనం భాషలోకి మార్చి వేసింది. అనువాదం అలెక్సాండ్రోస్ పాలిస్‌ది. విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. ఎనిమిది మంది చచ్చిపోయారు. మంత్రివర్గం పడిపోయింది, ఏథెన్స్ మెట్రోపాలిటన్ బిషప్పు దిగిపోయాడు. సువార్తని వాడుకభాషలో రాసినందుకు ఇంత! దిమొతికీ అధికారభాష అయ్యింది 1976లో. పాత రాతలో అక్షరాల నెత్తిన మూడు రకాల స్వరాలూ, రెండు రకాల ఊపిరి గుర్తులూ ఉండేవి. 1982లో అవన్నీ తీసేసి ఒక్క గీత ఉంచారు. నిర్గమం అన్న మాట మీద కూడా ఆ ఒక్క గీతే.

రత్నమ్మ: అంటే చివరికి జనం మాటే గెలిచిందన్నమాట. మీ నోటితో మీరే చెప్పారు.

అయ్యగారు: గెలిచింది. నేను గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షమే, అనుమానం లేదు. కానీ గెలిచిన భాషలో కూడా ఓడినదాని మాటలు మిగిలిపోయాయి. ‘సరే, అలాగే’ అనడానికి నువ్వు ఏమంటావు?

రత్నమ్మ: ఎందాక్సి. రోజుకి వందసార్లు.

అయ్యగారు: ‘ఎన్ తాక్సెయ్’. ‘క్రమంలో ఉంది’ అని. గ్రీకులో చతుర్థీ విభక్తి చచ్చి చాలా శతాబ్దాలైంది. దాని శవాన్ని రోజుకి వందసార్లు పలుకుతున్నావు నువ్వు.

రత్నమ్మ: శవమో శివమో, అందరికీ అర్థమవుతుందండి. మీ పిల్ల ‘థ్యాంక్స్’ చెబితే ఎవరికీ అర్థం కాదు. ‘యూఖరిస్తో’ అంటోంది. అక్కడ ‘ఎఫ్‌హరిస్తో’ అంటారు.

అయ్యగారు: ఆ మాటలోంచే మన ప్రభురాత్రి భోజనానికి యూకరిస్ట్ అన్న పేరొచ్చింది...

రత్నమ్మ: వచ్చిందండి. కానీ షాపువాడు తెల్లమొహం వేస్తాడు. ‘మరియు’ అనడానికి పిల్ల ‘కై’ అంటోంది. టీవీలో ‘కె’ అంటారు. మా లిమసోల్‌లో ‘జె’ అంటారు. ఎక్కడా ‘కై’ అనరు.

అయ్యగారు: ఆ పలుకుబడి ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు 1528లో ప్రతిపాదించింది. పూర్వం గ్రీకులు ఇలా పలికి ఉంటారు అని. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం కూడా సంవాదమే. ఒక సింహానికీ, ఒక ఎలుగుబంటికీ. పడమటి దేశాల సెమినరీలు దాన్నే పట్టుకున్నాయి, మాకూ అదే వచ్చింది. గ్రీకులు దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. వాళ్ళ గుళ్ళల్లో పౌలు పత్రికని కూడా ఇప్పటి ఉచ్చారణతోనే చదువుతారు. ఈ విషయంలో నీ మాట వింటాను. రేపటి నుంచి ‘ఎఫ్‌హరిస్తో’ అనే చెబుతాను.

(అయ్యగారు అంత తేలిగ్గా దిగిరావడం నేనెప్పుడూ చూడలేదు. రత్నమ్మ ఆ సందు వదల్లేదు.)

రత్నమ్మ: అదేనండి నేననేది. మాటకి అర్థం కాదు, వేళ కావాలి. ‘ఏల’ అంటే ఏంటో చెప్పండి.

అయ్యగారు: రా, అని ఆజ్ఞ.

రత్నమ్మ: ఫోను ఎత్తి ‘ఏల’ అంటారు. తెలిసినవాళ్ళయితేనే. కొత్తవాళ్ళయితే ‘లేయెతె’.

అయ్యగారు: లెగో ధాతువు, మధ్యమ పురుష, బహువచనం. చెప్పండి, అని.

రత్నమ్మ: మనమూ ఫోనెత్తి ‘చెప్పండి’ అంటాం కదా, అదే. నాకది ఎవరూ నేర్పలేదు, విన్న వెంటనే వచ్చేసింది. ఏడుస్తున్న పిల్లాడితో ‘ఏల తోర’ అంటారు, ఊరుకో నాన్నా అన్నట్టు. వింత కబురు వింటే ‘ఏల!’ అని నోరు తెరుస్తారు. ఇక ‘ఒరీస్తె’. కొట్టువాడు ‘ఒరీస్తె’ అంటే ఏం కావాలమ్మా అని. వస్తువు చేతిలో పెట్టి ‘ఒరీస్తె’ అంటే ఇదిగో అని. వినబడక ‘ఒరీస్తె?’ అంటే ఏమన్నారూ అని. పేరు పెట్టి పిలిస్తే ‘ఒరీస్తె’ అని పలుకుతారు. ‘పరకలో’ అంటే దయచేసి అని మీ పుస్తకంలో ఉంది. థ్యాంక్స్ చెబితే జవాబూ ‘పరకలో’నే. ఆఫీసులో ఫోనెత్తినా ‘పరకలో’నే. ఇవన్నీ ఏ పట్టికలో పెడతారండి?

అయ్యగారు: పట్టికలో పట్టవు. నిజమే.

రత్నమ్మ: ‘తి కానిస్’ అంటే ‘ఏం చేస్తున్నావు’ అని పిల్ల నోటుబుక్కులో ఉంది. ఎవరైనా అలా అడిగితే ఈ పిల్ల ‘అంట్లు తోముతున్నాను’ అంటుంది. వాళ్ళడిగేది బావున్నావా అని! మా పెద్దావిడయితే ఆ మాటనీ పల్లెటూరి యాసలో ‘ఇంద కామ్నిస్’ అనేది. ‘ఇంద’ అనగానే ఏదో ఇస్తోందనుకుని చెయ్యి చాపేదాన్ని కొత్తలో.

అయ్యగారు: (నవ్వుతూ) అది మాత్రం ఏ వ్యాకరణమూ కాపాడలేదు.

రత్నమ్మ: అసలువి ఇంకా ఉన్నాయండి. వాళ్ళు దీవెనల మనుషులు. కొత్త బట్ట కట్టుకున్నా, జుట్టు కత్తిరించుకున్నా ‘మె యా’ అనాలి. అనకపోతే కళ్ళు కుట్టాయనుకుంటారు. కొత్త ఇల్లు, కొత్త కారు అయితే ‘కలొరీజికొ’. ఒంట్లో బాగోలేదంటే ‘పెరస్తికా’, అంటే త్వరగా దాటిపోవాలి అని. ఆపరేషనయి లేస్తే ‘సిదెరేన్య’. ఇనుములా ఉండు అని. మనం గుండ్రాయిలా ఉన్నావు అంటాం కదా. వంట బాగుంటే ‘యా స్త హేర్య సు’, నీ చేతులు చల్లగుండ అని. పిల్లాడు పుడితే ‘న సస్ జీసి’. పండగకీ, పుట్టినరోజుకీ, పేరున్న పునీతుడి రోజుకీ ‘హ్రోన్య పొల్లా’, నిండు నూరేళ్ళు అన్నట్టు. ప్రతి నెలా ఒకటో తారీఖున ‘కలో మీన’. ఆగస్టు ఆఖర్న సెలవులైపోయి ఊళ్ళకి తిరిగొచ్చేటప్పుడు ‘కలో హిమోన’, చలికాలం బాగా గడవాలి అని. చెమటలు కారిపోతుంటాయి ఓ పక్క!

అయ్యగారు: ఆ ‘హిమోన’ మాత్రం కాకతాళీయం కాదు సుమా. మన హిమం, హేమంతం, గ్రీకు ‘హిమోన’ ఒకే మూలం.

రత్నమ్మ: చూశారా, మీకు మూలం దొరికింది, నాకు పని దొరికింది. కొత్త మనిషి ఆ వేళకి ఆ మాట అంటే చాలు, ఇంట్లో మనిషిలా చూస్తారు. ఈస్టరు నుంచి నలభై రోజులు దండం కూడా మారిపోతుంది. ‘హ్రిస్తోస్ అనేస్తి’ అంటే ‘అలిథోస్ అనేస్తి’ అనాలి. అప్పుడు రోజూలా ‘యా సస్’ అని ఊరుకుంటే వెలితిగా ఉంటుంది.

అయ్యగారు: అది నాకు తెలియకనా! క్రీస్తు లేచాడు, నిజంగా లేచాడు. ఆ ‘అనేస్తి’ రెండు వేల ఏళ్ళ నాటి క్రియారూపం, ఒక్క అక్షరం అరగలేదు. సరే, నీ దీవెనలన్నీ ఒప్పుకున్నాను. కానీ వేళ తెలిసిన మాటలతో ఎంతదూరం వెళతావు? ఎవరైనా నీకు తెలియని వేళలో, తెలియని వాక్యం అంటే?

రత్నమ్మ: అడిగేదాన్ని.

అయ్యగారు: అడిగితే వచ్చిన జవాబు అర్థం కాకపోతే?

(ఇక్కడ రత్నమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత తనంతట తనే చెప్పింది.)

రత్నమ్మ: ఒకటి జరిగిందండి. ఆవిడ కొడుకు లండన్‌లో ఉంటాడు. ‘పోతె’ అంటే ఎప్పుడు అని నాకు తెలుసు. మీ అబ్బాయి పోతె వస్తాడమ్మా అని అడిగాను. ఆవిడ ‘పొతే’ అంది. నన్నే ఎప్పుడని అడుగుతోందనుకుని, ‘కిర్యకీ’, ఆదివారం అన్నాను. ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది. ‘పొతే’ అంటే ఎప్పటికీ రాడు అని.

అయ్యగారు: పోతె, పొతే. అక్షరాలు అవే, ఒత్తు స్థానం మారింది. ‘నోమొస్’ చట్టం, ‘నొమోస్’ జిల్లా. ‘యేరొస్’ ముసలాడు, ‘యెరోస్’ గట్టివాడు. తెలుగులో మనకి ఒత్తు వల్ల అర్థం మారదు. దీర్ఘం వల్ల మారుతుంది. వాళ్ళకి దీర్ఘాలు లేవు, ఒత్తే ఉంది. అందుకే మన చెవికి వాళ్ళ ఒత్తు దీర్ఘంలా వినబడుతుంది. 1982లో ఉంచిన ఆ ఒక్క గీత ఉన్నది ఇందుకే. ఆ గీత చదవడం వచ్చి ఉంటే ఆ రోజు...

రత్నమ్మ: ముసలావిడ నోటి మీద గీత ఉండదు కదండి. చెవి ఉండాలి.

అయ్యగారు: చెవికి ఏం వెతకాలో చెప్పేదే గీత.

పిల్ల: అయ్యగారండీ, నా పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాశారు, పి ఓ టి ఇ అని. రెండింటికీ అదే. తెలుగులో దీర్ఘం పెట్టి రాసుకుంటే తేడా తెలుస్తుంది కదండీ?

(ఈ వాదనలో అందరికన్నా పనికొచ్చే మాట ఇదే అని నా లెక్క. ఇద్దరు పెద్దలూ దాన్ని దాటేసి ముందుకెళ్ళిపోయారు. తర్వాత వెనక్కి రావలసి వచ్చింది.)

అయ్యగారు: ఇంగ్లీషు పుస్తకం ఇంకా ఏం చెబుతోంది?

పిల్ల: ‘ఐ లైక్’ అనడానికి గ్రీకులో కర్త మారిపోతుంది, కష్టం, జాగ్రత్త అని రెండు పేజీలు రాశాడండి. ‘ము అరేసి’. ‘నాకు అది నచ్చుతుంది’ అన్నట్టు చెప్పాలని.

రత్నమ్మ: అందులో కష్టమేముంది? మనమూ నాకు నచ్చింది అనే అంటాం.

అయ్యగారు: (కుర్చీలోంచి ముందుకు జరిగి) ఆగాగు. ‘ము’ అంటే ‘నా, నా యొక్క’. అది షష్ఠి. పాత గ్రీకులో ఇక్కడ చతుర్థి ఉండేది. అది పోయాక షష్ఠి వచ్చి ఆ పని చేస్తోంది. మా సెమినరీలో దీన్ని దిగజారుడు కింద చెప్పేవాళ్ళం. కానీ చిన్నప్పుడు బడిలో చిన్నయసూరి లెక్కన విభక్తులు కంఠతా పెట్టించారు కదా, అందులో కి, కు, యొక్క, లో, లోపల అన్నీ షష్ఠే! ‘నాకు’ షష్ఠి, ‘నా యొక్క’ షష్ఠి. గ్రీకు ఇవాళ చేరిన చోట మన వ్యాకరణం ఎప్పణ్ణించో కూర్చుని ఉంది. ఇంగ్లీషువాడికి రెండు పేజీల కష్టం. మనకి ఒక వాక్యం.

రత్నమ్మ: ‘ఎర్హొమె’ అంటే వస్తున్నా. ‘నేను’ అనక్కర్లేదు. మనకీ అంతే.

అయ్యగారు: క్రియ చివరే మనిషి ఉంటాడు. దండం పెట్టేటప్పుడు నువ్వు అనేవాళ్ళకి ‘యా సు’, మీరు అనేవాళ్ళకి ‘యా సస్’. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే, పాపం వాళ్ళకి ఎప్పుడేది వాడాలో చెప్పడానికి ఒక పాఠం కావాలి. మన పిల్లకి అక్కర్లేదు. అమ్మాయి అనే మాట, ‘కొరీత్సి’, నపుంసకలింగం అంటే ఇంగ్లీషువాడు ముక్కు మీద వేలేసుకుంటాడు. మనం అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది అంటాం. ఒకే ‘ది’.

రత్నమ్మ: ఏం చేస్తాం అనడానికి ‘తి న కానుమె’ అంటారండి. చేతులు కూడా మనలాగే తిప్పుతారు.

(వాదన కాస్తా పాటలా సాగిపోతోంది. కానీ అయ్యగారు ఊరికే వదిలే మనిషి కాదు.)

అయ్యగారు: ఇక నా అసలు ప్రశ్న. నర్సు పనికి వెళ్ళే పిల్ల ఇది. డాక్టరు ‘న పారి’ అన్నాడు మాత్ర గురించి. ఇంకోసారి ‘న పెర్ని’ అన్నాడు. తేడా ఏంటి?

రత్నమ్మ: రెండూ వేసుకోవాలనే.

అయ్యగారు: ‘న పారి’ అంటే ఒకసారి వేసుకుంటే అయిపోయింది. ‘న పెర్ని’ అంటే వేసుకుంటూ ఉండాలి. రెండూ ఒకే క్రియ. గ్రీకు క్రియల్లో దాదాపు అన్నిటికీ ఇలా రెండు మొదళ్ళు ఉంటాయి. ఒకటి అయిపోయే పనికి, ఒకటి సాగే పనికి. జరిగినదాంట్లో మనకీ ఉంది, ‘రాశాను’ వేరు, ‘రాసేవాణ్ణి’ వేరు. కానీ ముందు జరగబోయేదాంట్లో మనం ఆ తేడా చూపాలంటే ‘ఉత్తరం రాస్తాను’, ‘రాస్తూ ఉంటాను’ అని మాట పెంచుకుంటాం. వాళ్ళకి మొదలు మారితే చాలు, ‘థ గ్రాప్సొ’, ‘థ గ్రాఫొ’. ప్రభువు ప్రార్థనలో కూడా ఈ తేడా ఉంది. మత్తయి రాసింది ‘దోస్’, ఈ రోజుకి ఇయ్యి. లూకా రాసింది ‘దీదు’, రోజూ ఇస్తూ ఉండు. ఒకే ఆర్తొస్, ఒకే తండ్రి, క్రియ మారింది. దాని మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! నీ లిమసోల్ డాక్టరు ఇవాళ మాట్లాడుతున్నది మత్తయికీ, లూకాకీ ఉన్న తేడాతోనే.

రత్నమ్మ: నేను ‘కాథె మేర’ అన్న మాట కోసం చూసేదాన్నండి. అది ఉంటే రోజూ. ‘అపోప్సె’ ఉంటే ఇవాళ రాత్రి మాత్రమే.

అయ్యగారు: ఆ మాట చెప్పకపోతే?

రత్నమ్మ: ... చీటీ మీద రాయించుకునేదాన్ని.

అయ్యగారు: చదవగలవా?

(ఇది కాస్త కటువుగానే వచ్చింది. అయ్యగారు వెంటనే సర్దుకుని ‘నా ఉద్దేశం అది కాదమ్మా’ అన్నారు. కానీ మాత్ర విషయంలో ఆయనదే న్యాయం. మందు దగ్గర ఊహ పనికిరాదు.)

రత్నమ్మ: లేదండి, నిజమే. పక్కింటి వాళ్ళ చేత చదివించుకునేదాన్ని. పిల్లకి ఆ రెండు మొదళ్ళు మీరే చెప్పండి. కానీ ముసలావిడలు మత్తయి భాష మాట్లాడరు. నోట్లో పళ్ళు ఉండవు, సగం మాట మింగేస్తారు. ‘నెరోన్, నెరోన్’ అని...

అయ్యగారు: ఏమన్నావు? నెరో అన్నావు కదా ఇందాక.

రత్నమ్మ: టీవీలో నెరో అంటారు. ఏథెన్స్‌లో చదివే మనవడూ అంతే. పెద్దావిడ నెరోన్ అనేది. ప్సొమీని కూడా ‘ప్సుమిన్’ అనేది. సైప్రస్ యాస అండి. మోటు అని మనవడు ఏడిపించేవాడు.

అయ్యగారు: ఆ చివరి ‘న్’ మోటు కాదమ్మా! నపుంసకలింగం ప్రథమా విభక్తిలో ఉండే పాత ‘న్’. ఏథెన్స్ వాళ్ళు వదిలేశారు, మీ పెద్దావిడ అంటిపెట్టుకుంది. ఇంకోటి చెప్పు. ఆకుని ఏమంటారు?

రత్నమ్మ: ఫిల్లొ.

అయ్యగారు: ఒత్తి, రెండు లలతో?

రత్నమ్మ: మన పిల్లలోలాగే. ‘హ్రోన్య పొల్లా’లో కూడా అంతేగదండి.

అయ్యగారు: రాతలో రెండు లలున్నాయి. ఏథెన్స్‌లో ఒక్క లగానే పలుకుతారు. అందుకని వాళ్ళకి ఆకు అన్న మాటా, లింగం అన్న మాటా ఒకేలా వినబడతాయి, రెండూ ‘ఫీలొ’నే. ద్విత్వం సైప్రస్ వాళ్ళ నోట్లో బతికే ఉందన్నమాట! నేను పుస్తకంలో చూసి ఇది చచ్చిపోయిందనుకున్నాను. నువ్వు వంటింట్లో విన్నావు.

రత్నమ్మ: మరి నాది గ్రీకు కాదన్నారు?

అయ్యగారు: నేననలేదు. అన్నా వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకో ముక్క అను. ఏదైనా. ఆవిడ అన్నట్టే అను.

ఆ తర్వాత అయ్యగారు కలం తీశారు. రత్నమ్మ చెబుతూ ఉంటే రాసుకున్నారు, పిల్ల చేత కాఫీ తెప్పించుకుని మరీ. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. గిడుగువారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకున్నది సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని, వింటూ. వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ తర్వాత వచ్చాయి. వ్యాకరణం వద్దన్న రత్నమ్మ వాదన నేనొప్పుకోను, మాత్ర కథ విన్నాక అసలే ఒప్పుకోను. హూదోర్‌తో మొదలెట్టిన అయ్యగారి పద్ధతీ ఒప్పుకోను. ఇద్దరికీ పట్టనిది పిల్ల అడిగిన మాట. గ్రీకుకి ఇంగ్లీషు మీదుగా వెళ్ళి, లేని కష్టాలు కొనితెచ్చుకోవడం దేనికి?

సైప్రస్ నుంచీ, గ్రీసు నుంచీ పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటివాళ్ళుంటే కూర్చోబెట్టి చెప్పించుకోండి. ఏ మాట, ఎవరు ఎవరితో, ఏ వేళలో అన్నారు, దానికి బదులేమనాలి, ఒకసారికా రోజూకా, ఇవన్నీ రాయండి. తెలుగు లిపి చాలు. ఒత్తిన చోట దీర్ఘం పెట్టండి.